ఆయిల్ కంపెనీ ఆపరేటింగ్ లీజు బాకీని అప్పులో కలపాలా, వద్దా?

గోదారి_గట్టు: అమెరికాలో ఒక షేల్ కంపెనీ (రాతిపొరల్లోంచి ఆయిల్ తీసేది) బ్యాలెన్స్ షీట్ చూస్తున్నాను. ‘ఆపరేటింగ్ లీజు లయబిలిటీస్’ (అద్దెకు తీసుకున్నవాటికి ఇంకా కట్టాల్సిన బాకీ) అని విడిగా ఒక వరస ఉంది గానీ, ఇన్వెస్టర్లకు చూపించే నెట్ డెట్‌లో (అప్పులోంచి చేతిలో ఉన్న నగదు తీసేసిన లెక్క) అది లేదు. 2019లో ఏఎస్‌సీ 842 (అమెరికా లీజు లెక్కల రూలు) అమల్లోకి వచ్చాక బావులు తవ్వే రిగ్గులు, గ్యాస్ కంప్రెసర్ల లీజులు బ్యాలెన్స్ షీట్ మీదికి ఎక్కాయి కదా. కట్టి తీరాల్సిన డబ్బు అప్పు కాకపోతే మరేంటి?

పద్మ_హ్యూస్టన్: నా ఉద్యోగమే ఈ లెక్కలు. అమెరికా పద్ధతిలో ఆపరేటింగ్ లీజు ఇప్పటికీ అద్దె ఖర్చే, ఎబిట్డా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) కంటే ముందే పోతుంది. దాన్ని మళ్ళీ అప్పులో వేసి ఎబిట్డాతో పోల్చితే ఒకే బరువు రెండుసార్లు తూచినట్టు. ఇండియాలో లీజు రూలు ఇండ్ ఏఎస్ 116 కింద అద్దె కాస్తా తరుగుదల, వడ్డీగా విడిపోయి ఎబిట్డా పెరుగుతుంది కాబట్టి అక్కడ కలపమంటే అర్థం ఉంది.

గోదారి_గట్టు: రిగ్గు అద్దె ఎబిట్డాలోంచి ఎక్కడ పోతోందండీ? బావి తవ్విన ఖర్చులో కలిపి ఆస్తిగా రాసుకుంటారు. అంటే అటు ఎబిట్డాలోనూ లేదు, ఇటు అప్పులోనూ లేదు.

పద్మ_హ్యూస్టన్: క్యాపెక్స్‌లో (ఆస్తుల మీద పెట్టే ఖర్చు) కనిపిస్తుంది, దాచిందేమీ లేదు. మీరు రిగ్గు ఒక్కటే పట్టుకున్నారు. ఆఫీసులు, కంప్రెసర్ల మాటేంటి?

గోదారి_గట్టు: రిగ్గే పట్టుకుంటాను. పన్నెండు నెలలు దాటకుండా కాంట్రాక్టు రాసుకుంటే అసలు బాకీయే చూపించక్కర్లేదు. గడువు అయిపోగానే అదే రిగ్గుకి మళ్ళీ కొత్త కాంట్రాక్టు.

రిగ్గు_మేస్త్రి: ఒక్క మాట. రిగ్గు రోజు రేటులో క్రూ జీతాలు కూడా ఉంటాయి, అది సర్వీసు. కొన్ని కంపెనీలు దాన్ని లీజు నుంచి విడదీస్తాయి, కొన్ని మొత్తం కలిపేస్తాయి, రెండూ రూల్ ప్రకారమే. రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టేముందు అది చూసుకోండి.

పద్మ_హ్యూస్టన్: అలాంటి స్వల్పకాలిక లీజుల ఖర్చు, లెక్కల వెనక ఇచ్చే వివరణ నోట్‌లో విడిగా ఇస్తాం. ఏదో మోసం జరిగినట్టు మాట్లాడకండి, రాత్రింబవళ్ళు కూర్చుని తయారుచేసేవాళ్ళం మేము.

గోదారి_గట్టు: మోసం అనలేదు. మా బావగారు టెక్సస్‌లో కంప్రెసర్లు అద్దెకిచ్చేవారు. 2020లో ఆయిల్ ధర కుప్పకూలినప్పుడు వాటిని తీసుకున్న కంపెనీ చాప్టర్ 11కి (అమెరికా దివాలా ప్రక్రియ) వెళ్ళి లీజు వదిలేసుకుంది. మెషిన్లు తుప్పుతో తిరిగొచ్చాయి. మిగిలిన అద్దె కోసం ఆయన తాకట్టు లేకుండా బాకీ రావాల్సినవాళ్ళ వరసలో నిలబడ్డారు, ముందు బ్యాంకులు తీసుకున్నాయి. ఇప్పుడు చెప్పండి, అది అప్పు కాదా?

పద్మ_హ్యూస్టన్: ఆయనకి అన్యాయమే జరిగింది, కాదనను. కానీ నేను చెప్పేదీ అదే. దివాలాలో లీజునైతే వస్తువు తిరిగిచ్చి వదిలించుకోవచ్చు, బాండుని అలా తిరిగివ్వలేరు. రెండూ ఒకటెలా అవుతాయి?

గోదారి_గట్టు: మీరు బ్యాంకు వైపు నుంచి చూస్తున్నారు.

పద్మ_హ్యూస్టన్: అవును, అటు నుంచే చూడాలి! చాలా లోన్ అగ్రిమెంట్లలో అప్పుకి 2019కి ముందున్న నిర్వచనాన్నే అట్టిపెట్టారు. రేపు అక్కడా లీజులన్నీ అప్పు అంటే, అప్పు పరిమితి దాటిందని బ్యాంకు కంపెనీ మీద పడుతుంది, మొదట ఊడేది ఫీల్డులో పనిచేసేవాళ్ళ ఉద్యోగాలు. 2020లో నా పక్క సీట్లు ఖాళీ అవడం చూశాను.

కాకినాడ_శీను: ఇదన్నమాట అసలు గొడవ. ఒకరు అద్దెకిచ్చినవాడి తరఫు, ఒకరు జీతగాళ్ళ తరఫు.

గోదారి_గట్టు: సరే, అప్పులో కలపకండి. నెట్ డెట్ కిందే ఇంకో వరసలో లీజు బాకీ, స్వల్పకాలిక లీజుల ఖర్చు చూపించడానికి అభ్యంతరమేంటి?

పద్మ_హ్యూస్టన్: నోట్‌లో ఏ ఏడు ఎంత కట్టాలో కూడా ఉందండీ.

గోదారి_గట్టు: కంప్రెసర్ అద్దెకిచ్చేవాడు వంద పేజీలు దాటి నోట్ దాకా వెళ్ళడండీ. మొదటి పేజీలో పెట్టండి.