సమస్య: "నోరు విప్పని చిన్నది నూరు పలికె"

నిర్వాహకుడు: పై పాదమే చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి, ఈసారి తేటగీతి ఛందస్సులో. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు, పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి (అక్షరాల పొంతన), కుదరకపోతే ప్రాసయతి (ఆ రెండుచోట్లా రెండో అక్షరాల పొంతన). సందర్భం డేటింగ్ యాప్ ప్రొఫైల్. టిండర్ బయోకి 500 అక్షరాలు, హింజ్‌లో ఒక్కో జవాబుకి 150, అంత ఇరుకులో మన కుర్రకారు తమ గురించి ఎలా చెప్పుకుంటున్నారో పద్యంలో పట్టుకోండి.

గోదారోడు:
కలువకన్నుల కలికిని కాంచినంత
వలపు పొంగగ నే స్వైపు వడిగ జేయ,
మాటలేలని కనుగవే మాటలాడ
నోరు విప్పని చిన్నది నూరు పలికె.

ఛందోప్రియ: గణాలు, యతులు అన్నీ సరిపోయాయి అన్నా, కానీ ఆ "స్వైపు" ఒక్కటి తీసేస్తే ఏ కాలం పద్యమైనా అయిపోద్ది. ఈ కలువకన్నులూ, ప్రొఫైళ్లలో కనిపించే "ట్రావెల్, ఫుడ్, మ్యూజిక్" ఒకటే జాతి, ఎవరికైనా అతుకుతాయి కాబట్టి ఎవరి గురించీ ఏమీ చెప్పవు.

వరంగల్ పిల్ల:
ఎర్రగుండె, విమానమ్ము, ఇంటికుక్క,
కాఫికప్పును, కొండలు కలిపిపెట్టె;
అక్షరమ్మొక్కటైనను అచట లేదు;
నోరు విప్పని చిన్నది నూరు పలికె.

నిర్వాహకుడు: ఎమోజీలతో విడగొట్టడం భలే నప్పింది. "టైనను అచట" లాంటి విసంధి (సంధి కలపకుండా వదలడం) ఇక్కడ చూసీ చూడనట్టు వదిలేస్తాం. నా బాధల్లా ఆ గుండె, విమానం, కుక్క అందరి బయోల్లోనూ ఉండేవే కదా, మరి ఈ అమ్మాయి ఎవరు?

వరంగల్ పిల్ల: అందరిలెక్క కనిపియ్యాలనే పెడ్తరు సార్. కాలేజీ పేరో ఆఫీసు పేరో రాస్తే ఇన్‌స్టాల వెతికి పట్టుకుని మెసేజ్‌లు పెట్టేటోళ్లు ఉన్నరు, అందుకే అమ్మాయిలు శానామంది బొమ్మలు పెట్టి ఊకుంటరు. అది బద్ధకం కాదు, జాగ్రత్త.

పూతరేకు:
పేరు లేదు, ఫొటోలోన పిల్లి యుండె,
బయొన "పులిహోర పల్లీలు పంచ నెవరి
కీ" యటంచును ఒకలైను గీకి ఆపె;
నోరు విప్పని చిన్నది నూరు పలికె!

ఛందోప్రియ: ఇదీ పూరణంటే! పులిహోర కలపడమంటే తియ్యటి మాటలతో అమ్మాయిల్ని పడెయ్యాలని చూడటమని యాప్ వాడేవాళ్లందరికీ తెలుసు, ఈ పిల్ల ఆ పులిహోర మాటే ఎత్తి పల్లీలు కూడా దక్కవని ముందే చెప్పేసింది, తిండి ఇష్టం, పెంకితనం, కలపడానికొచ్చేవాళ్లకి హెచ్చరిక అన్నీ ఒక్క లైన్లో. వరంగల్ చెల్లి చెప్పిన జాగ్రత్త కూడా ఉంది, పేరు లేదు, ముఖం లేదు, అయినా మనిషి తెలిసిపోతోంది. బయోని "బయొ" అని కుదించడం నాకు ఓకే. "గీకి" పక్కన "అటంచును" మాత్రం కూర్చోలేదు, ఒకటి వీధి మాట, ఒకటి గ్రాంథికం.

పూతరేకు: అయితే మూడో పాదం ఇలా: కీ యనేసింది, ఒకలైను గీకి ఆపె.

ఛందోప్రియ: కీ, గీ యతి నిలబడింది, రెండో గణం తగణం, అంటే ఇంద్రగణమే. ఇదే ఉంచెయ్యండి.

గోదారోడు: నాకు రేపటిదాకా టైమివ్వండి గురువుగారూ, అబ్బాయిలు మొదట కొట్టే "హాయ్, తిన్నావా" మీద ఇంకోటి రాస్తున్నా, ఆ "హా"కి యతి దొరకట్లేదు.

నిర్వాహకుడు: హా కి అ, ఆ, య కూడా చెల్లుతాయి. "అన్నం" పెట్టి చూడండి.