గోడలో తేనెపట్టు: పెట్టెలోకి మార్పించాలా, ఉండనివ్వాలా?

మండువా ఇల్లు:
అమలాపురం దగ్గర మాది తాతలనాటి పెంకుటిల్లు. పడకగది గోడలో, అటక కింద సందులో తేనెటీగలు చేరి ఆరు నెలలైంది. బయటికి వేలు పట్టేంత కన్నం ఒక్కటే కనిపిస్తుంది. అమ్మేమో లక్ష్మి వచ్చిందంటుంది, మా ఆవిడకి చంటిపిల్లాడితో టెన్షన్. చంపడం నాకిష్టం లేదు. ఈ శ్రావణంలోనే పెట్టెలోకి మార్పించాలా, సంక్రాంతి దాకా ఆగాలా?

కాలవగట్టు:
దీనికింత చర్చెందుకండీ? మా మేడ సన్‌షేడ్ కింద తేనెపట్టు పడితే రాత్రిపూట కాగడా పెట్టించాం. పది నిమిషాల్లో అయిపోయింది.

కొబ్బరితోట:
కాలవగట్టు గారూ, మీరు చూసింది కొండతేనె. ఆరుబయట చేటంత పట్టు ఒక్కటే వేలాడుతుంది. ఆ ఈగ ఎలాగూ పెట్టెలో ఉండదు, కొన్నాళ్లకి తనే వలస పోతుంది. గోడ సందులో ఉన్నవి పుట్టతేనె ఈగలు. చీకట్లో పక్కపక్కన వరసగా పట్లు కడతాయి, అందుకే పెట్టెకి అలవాటు పడతాయి. పైగా పెంకుటింట్లో దూలాల పక్కన కాగడా ఏమిటండీ! ఈగలు చచ్చినా తేనె, మైనం గోడలోనే ఉంటాయి. కాసే ఈగలు లేకపోతే చీమలు, మైనపు పురుగు చేరతాయి, తేనె గోడెంట కారుతుంది.

పూతరేకులు:
నేను రెండుసార్లు మార్పించాను. రెండుసార్లూ మూడో రోజుకి పెట్టె ఖాళీ. వచ్చినాయన కూలీ తీసుకున్నాడు, తేనె పట్టుకెళ్లాడు. మార్చడమని పేరే గానీ జరిగేది తేనె పిండుకోవడం. ఉన్నచోట ఉండనివ్వండి.

కొబ్బరితోట:
మీ కోపంలో న్యాయముంది. చాలామంది తేనె కోసమే వస్తారు. అసలు చూసుకోవాల్సింది ఈగ పిల్లలున్న పట్టు. కొబ్బరి పీచు పొగ కొద్దిగా పెట్టి, పట్టు కోసి, న్యూటన్ పెట్టె (పుట్టతేనె ఈగల్ని పెంచే చెక్క పెట్టె) ఫ్రేముకి అరటినారతో కట్టాలి. పైభాగం పైకే ఉండాలి, తలకిందులు కాకూడదు. తేనె పట్టు మాత్రం కట్టకూడదు. అది కారిందంటే చీమలు పెట్టె పట్టేస్తాయి. రాణి దొరికితే సగం పని అయినట్టే. పెట్టె గుమ్మం దగ్గర ఈగలు తోకలెత్తి రెక్కలాడిస్తుంటే, మిగతావి బారులు తీరి లోపలికి నడుస్తుంటే, రాణి లోపలుందనే అనుకోవచ్చు. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. వారం పాటు గుమ్మానికి రాణి గేటు (రాణి బయటికి పోకుండా ఆపేది), సాయంత్రాలు పంచదార పాకం. ఇవి లేకపోతే మూడో రోజుకి ఎగిరిపోతాయి. మీకు అదే జరిగుంటుంది.

ఇంకోటి. పెట్టెని అదే పెరట్లో ఇరవై అడుగుల అవతల పెడితే మేతకెళ్లిన ఈగలు పాత కన్నం దగ్గరికే వస్తాయి. చీకటి పడేదాకా కన్నం పక్కనే ఉంచి, తర్వాత మూడు కిలోమీటర్ల అవతలికి తీసుకెళ్లాలి. వానల్లో మేత తక్కువ, అందుకే సంక్రాంతి దాటాక మామిడి పూతకి చేయించమంటాను.

కడియం మొక్కలు:
ఇక్కడే నేనొప్పుకోను. మామిడి పూతకి పట్లు పెరుగుతాయి, గోడ ఎక్కువ పగలగొట్టాలి. ఇప్పుడు తేనె తక్కువ, పని శుభ్రంగా అవుతుంది. పాకం పోసే ఓపికుంటే శ్రావణమైనా ఒకటే. చంటిపిల్లాడున్న ఇంట్లో ఆర్నెల్లు ఆగమనడం సులువే, పడుకోవాల్సింది వాళ్లు.

కొబ్బరితోట:
నాలుగు రోజులు ముసురు పడితే పాకమొక్కటే చాలదండి, పుప్పొడి కూడా కావాలి. పిల్లాడి సంగతి మాత్రం ఒప్పుకుంటాను, గది మారిస్తే సరి. ఎప్పుడు తీసినా సందులో మైనం గీకి, కడిగి, సిమెంటు పెట్టండి. లేకపోతే ఆ మైనం వాసనకి ఇంకో గుంపు వచ్చేస్తుంది. ఈగలుండగా మాత్రం కన్నం ముయ్యొద్దు.

మండువా ఇల్లు:
అయ్యో, పొద్దున్నే మా తాపీమేస్త్రి సిమెంటు పెట్టేశాడండీ! ఇప్పుడు అటక పగుల్లోంచి గదిలోకి వచ్చి ట్యూబులైటు చుట్టూ ముప్పై, నలభై తిరుగుతున్నాయి.

కొబ్బరితోట:
ముందు పిల్లాణ్ణి వేరే గదిలోకి తీసుకెళ్లండి. లైటు ఆపి తలుపేసేయండి. అటక పగుల్లో తడిగుడ్డ కుక్కండి. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంటుంది, ఇప్పుడే బయటి నుంచి ఎర్రలైటుతో వెళ్లి చువ్వతో కన్నం తెరిపించండి. మొహానికి దోమతెర కట్టుకోవడం మర్చిపోవద్దు.