సంక్రాంతి వేడుకలో చిత్తూరు స్టాల్: ఏం పెడదాం?

స్టాల్ సమన్వయం అక్క:
అందరికీ నమస్కారం. ఇక్కడ విదేశంలో మనం చేసుకునే సంక్రాంతి వేడుకకి హాలు ఖరారైంది. ఈసారి జిల్లాకొక స్టాల్. మన చిత్తూరు, తిరుపతి వాళ్ళకి కలిపి రెండు టేబుళ్ళు, వెనక గోడ ఇచ్చారు. విషయం పంటలు, పశువులు. బ్యానర్ మీద మామిడికాయ, పుంగనూరు ఆవు వేద్దామనుకుంటున్నాం. తమ్ముడు సెలవుకి ఊర్లోనే ఉన్నాడు కాబట్టి ఫోటోలు తనకే అప్పగిస్తున్నా.

ఊరి నుంచి తమ్ముడు:
తీస్తానక్కా. దామలచెరువు మండీలకి తోతాపురి మామిడి వస్తోంది, ఇంకో రెండు వారాలు దాటితే చెట్టు మీద కాయ ఉండదు. కానీ బ్యానర్ గురించి ఒక మాట చెప్పాలి.

పుంగనూరు ఆవంటే నాకూ ప్రాణమే. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, చిక్కటి పాలు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతున్నారు. అయితే మన పల్లెల్లో ఇల్లు గడిపేది పాకలో కట్టేసిన జెర్సీ క్రాస్ ఆవు. గోడ మధ్యలో దాని ఫోటో ఉండాలి.

నిన్న తెల్లారి ఐదున్నరకి మా అత్తతో పాలకేంద్రానికి వెళ్ళాను. క్యానులో 6.4 లీటర్లు. చిన్న గ్లాసులో శాంపిల్ తీసి మిషన్ కింద పెట్టారు. ఫ్యాట్ 4.1, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలల్లో కొవ్వు, నీళ్ళు పోను మిగిలేది) 8.4 శాతం అని స్లిప్పు వచ్చింది. లీటరు రేటు ఆ రెండు అంకెల మీదే. అత్త స్లిప్పు మడిచి కొంగున ముడేసుకుంది. పదిహేను రోజులకోసారి బిల్లు పడుతుంది. దాణా బాకీ పోను మిగిలింది కిరాణా కొట్టుకి, పాప స్కూలు బస్సుకి. మామిడి డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వచ్చింది వచ్చినట్టే అప్పులకి పోతుంది.

2025లో తోతాపురి ధర పడిపోయింది. రైతుకి కిలోకి 12 రూపాయలు దక్కేలా గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలన్నారు. మా చిన్నాన్న ట్రాక్టరు ఒక పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు క్యూలో ఉండిపోయింది. మూడోరోజుకి అడుగు వరస కాయ మెత్తబడి రసం కారింది. ఆ వారం వాళ్ళింట్లో చేతికొచ్చిన డబ్బు పాల బిల్లు ఒక్కటే. ఆవు మధ్యలో ఉండాలని అందుకే పట్టుబడుతున్నా.

వంటల టీం అక్క:
ఒప్పుకున్నా తమ్ముడూ. మామిడిని మాత్రం ఓ మూలకి నెట్టొద్దు. చిత్తూరు జిల్లా చిరునామా ఉన్న 850 గ్రాముల గుజ్జు డబ్బా మా అల్మారాలో ఉంది, ఇక్కడి స్టోర్లోనే కొన్నాను. తాగే జ్యూసు మన తోట నుంచి కూడా వస్తుందని పిల్లలకి ఆ డబ్బా చూపించి చెబుతాను. రాగి సంగటి, ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) మా బాధ్యత. చెనక్కాయలు ఇక్కడే కొంటాం, నువ్వు మోసుకు రావద్దు. పండ్లు, విత్తనాలు అసలే వద్దు, కస్టమ్స్‌తో టెన్షన్.

పలమనేరు అన్న:
టమాటా ఏదబ్బా? 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో 200 దాకా పోయింది. ధర లేని రోజుల్లో కోత కూలి కూడా గిట్టక తోటలోనే వదిలేసినవాళ్ళని చూశాను. 2022 విభజనలో మదనపల్లె మన జిల్లా నుంచి పోయింది, మరి పెట్టొచ్చా?

ఊరి నుంచి తమ్ముడు:
పెడదామన్నా. మన టమాటా రైతులు కళ్ళు పెట్టుకుని చూసేది ఆ మార్కెట్ రేటునే. కుప్పం, పలమనేరు వైపు పట్టుగూళ్ళ ఫోటోలు నువ్వు సంపాదించు.

స్టాల్ సమన్వయం అక్క:
లెక్కలు కూడా కొన్ని రాయాలి కదా? రాష్ట్ర ఆదాయంలో వ్యవసాయం, పశువులు, చేపలు కలిపి దాదాపు మూడో వంతు అని పైన రాస్తాను.

ఊరి నుంచి తమ్ముడు:
రాయక్కా. దాని కింద ఒక ఇంటి లెక్క రెండు గడుల్లో పెడదాం: వచ్చింది, పోయింది. అమ్మిన డబ్బంతా రైతు ఆదాయం కాదు. దాణా, ఎరువు, మందులు, కూలీ, ట్రాక్టరు బాడుగ తీసేస్తే మిగిలేదే రైతు ఆదాయం. స్టాల్ దగ్గర నిలబడేవాళ్ళు ఇది ఓపిగ్గా చెప్పాలి, బ్యానర్ చదివి వెళ్ళిపోయేవాళ్ళకి తెలియదు. మా అత్త లెక్క రాసుకుంటానంటే సరేనంది, పేరు మాత్రం వేయొద్దంది.

రేపు సాయంత్రం పాలకేంద్రంలో పాత స్లిప్పులు ఓ యాభై అడిగి తీసుకుంటాను. పేర్లున్న ముక్క కత్తిరించి ఆవు ఫోటో చుట్టూ అంటిద్దాం. గోడ కొలతలు ఎవరైనా పంపండి.