ఒకే కంప్యూటరులో విండోస్, ఉబుంటు: కొన్న ఆటకు యాక్టివేషన్ పరిమితి దాటిందని వస్తోంది

మిర్యాలగూడ సభ్యుడు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం నుంచి దీంతోనే కూర్చున్నాను, దారి తోచక ఇక్కడ అడుగుతున్నాను. మా ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటరు. రైస్ మిల్లు లెక్కలు ట్యాలీలో రాయాలి కాబట్టి నాన్న కోసం విండోస్ ఉంచాం, నా ఇంజనీరింగ్ చదువుకు పక్కనే ఉబుంటు అనే మరో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాను. ఆన్‌లైన్‌లో ఆటలు అమ్మే స్టీమ్‌లో డబ్బు పెట్టి కొన్న ఆట విండోస్‌లో బాగానే నడిచేది. ఉబుంటులో తెరవబోతే, ఒక్క రోజులో మరీ ఎక్కువ కంప్యూటర్లలో యాక్టివేట్ చేశారని (అంటే సర్వరు నుంచి అనుమతి తీసుకున్నారని), 24 గంటలు ఆగమని వస్తోంది. విండోస్‌లోకి తిరిగి వెళ్లినా అదే మాట. ఖాతా ఎవరికీ ఇవ్వలేదు, పాస్‌వర్డు కూడా మార్చాను. ఉన్నదే ఒక్క కంప్యూటరైతే ఇన్ని కంప్యూటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

కోదాడ సభ్యుడు:
ఏ ఆట? ప్రోటాన్ (విండోస్ ఆటలను ఉబుంటులో నడిపించే స్టీమ్ సాధనం) ఏ వెర్షను? ఆట ఏ డ్రైవులో ఉంది? ఇవి లేకుండా చెప్పడం కుదరదు.

మహబూబ్‌నగర్ సభ్యుడు:
తమ్ముడూ, అసలు చిక్కు నువ్వు ఆటను "కొన్నాను" అనుకోవడంలోనే ఉంది. నీ చేతికి వచ్చింది ఆడుకోవడానికి అనుమతి మాత్రమే. 2024 అక్టోబరు నుంచి స్టీమ్ కూడా చెల్లింపు పేజీలో ఈ సంగతి రాసి చూపిస్తోంది. కాలిఫోర్నియాలో అదే సంవత్సరం చేసిన చట్టం వల్ల అది రాయక తప్పలేదు. 2008లో స్పోర్ అనే ఆట వచ్చినప్పుడు మూడే యాక్టివేషన్లు ఇచ్చారు, జనం గట్టిగా తిరగబడితే ఐదు చేశారు, ఆ తర్వాత గానీ పాత యాక్టివేషన్ రద్దు చేసుకునే సాధనం ఇవ్వలేదు. డబ్బు కట్టినవాడిని ఇలా అనుమానించడం అప్పటి నుంచీ సాగుతూనే ఉంది. నా మాట విని, ఇకపై గాగ్ (GOG) లాంటి ఆటల సైటులో కొను. అక్కడ దించుకున్న ఇన్‌స్టాలరు ఫైలును దాచుకుంటే చాలు, ఎన్ని ఓఎస్‌లు మార్చినా ఎవరూ అడగరు.

మిర్యాలగూడ సభ్యుడు:
సార్, మీరు చెప్పింది నిజమే కానీ ఈ ఆటకు డబ్బు ఇప్పటికే కట్టేశాను. కోదాడ అన్నా, ఆట డి డ్రైవులో ఉంది. రెండుసార్లు డౌన్‌లోడ్ చేయడానికి మా నెట్టు సరిపోదు కాబట్టి రెండు ఓఎస్‌లకూ అదే ఫోల్డరు చూపించాను. ఉబుంటులో నల్లటి తెర వచ్చి ఆగిపోతుంటే, ప్రోటాన్ జాబితాలో ఉన్న వెర్షన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూశాను. అది అందరూ చేసేదే కదా.

సూర్యాపేట సభ్యుడు:
ఆ చివరి మాటలోనే జవాబు ఉంది. దొంగ కాపీలను ఆపడానికి ఇలాంటి రక్షణ పెట్టిన ఆటలు నీ బల్ల మీద ఎన్ని డబ్బాలు ఉన్నాయో లెక్కపెట్టవు, తమకు కనిపించే పరిసరాన్ని లెక్కపెడతాయి. విండోస్‌లో కనిపించే వివరాలు ఒకటి, ఉబుంటులో ప్రోటాన్ చూపించే వివరాలు వేరొకటి. ప్రోటాన్ వెర్షను మారితే ఆ వివరాలు మళ్లీ మారతాయి కాబట్టి, సర్వరు దాన్ని కొత్త కంప్యూటరుగా రాసుకుంటుంది. ఈ తరహా ఆటల్లో చాలావాటికి రోజుకు ఐదు యాక్టివేషన్లే పరిమితి. జాబితా అంతా తిప్పితే అది దాటిపోవడం ఎంతసేపు?

లెక్క సర్వరులో ఉంటుంది కాబట్టి, ఆటను తీసేసి మళ్లీ దించుకున్నా అది చెరగదు. ఈ 24 గంటలూ దేన్నీ ముట్టుకోకు. ఈలోగా ప్రోటాన్‌డీబీ సైటులో నీ ఆటకు ఏ వెర్షను పనిచేస్తోందని ఆడినవాళ్లు రాశారో చూసుకో. గడువు తీరాక ముందు విండోస్‌లో ఒకసారి తెరువు. తర్వాత ఉబుంటులో ఆట పేరు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీలో ఆ ఒక్క వెర్షనునే ఎంచుకుని వదిలేయి. ఎక్స్‌పెరిమెంటల్ అనే ప్రోటాన్ వెర్షను దానంతట అదే అప్‌డేట్ అవుతుంటుంది, దాని జోలికి పోవద్దు. ప్రోటాన్ ఆట కోసం పెట్టుకునే కంపాట్‌డేటా ఫోల్డరును కూడా చెరపకు, యాక్టివేట్ అయినట్టు గుర్తుగా మిగిలే ఫైలు అందులో ఉండవచ్చు.

మహబూబ్‌నగర్ సభ్యుడు:
మదర్‌బోర్డు ఒకటే, ప్రాసెసరు ఒకటే, కొన్న మనిషీ ఒకడే అయినప్పుడు దాన్ని రెండు కంప్యూటర్లని ఏ న్యాయాన అంటారు? ఓఎస్ మార్చడం కొత్త యాక్టివేషన్ ఎలా అవుతుంది?

సూర్యాపేట సభ్యుడు:
న్యాయం సంగతి మీరు చెప్పినట్టే ఉండాలని నేనూ కోరుకుంటాను సార్. కానీ సర్వరు మదర్‌బోర్డు ఒక్కదాన్నే చూడదు, ఓఎస్ ఇచ్చే వివరాలు కూడా కలిపి ముద్ర వేస్తుంది. అది ఎలా లెక్కపెడుతుందో తెలుసుకుంటేనే ఈ అబ్బాయి బయటపడతాడు.

దేవరకొండ సభ్యుడు:
నల్లటి తెర సంగతి ఎవరూ పట్టించుకోలేదు. డి డ్రైవు విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాటులో ఉండి ఉంటుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు ఉబుంటు ఆ డ్రైవును చదవడానికే తెరుస్తుంది, రాయనివ్వదు. ప్రోటాన్ తన కంపాట్‌డేటా ఫోల్డరు రాసుకోలేకపోతే ఏ వెర్షను పెట్టినా ఆట లేవదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రోటాన్ ఆ ఫోల్డరులో "సీ" అక్షరం పక్కన కోలన్ ఉన్న పేరుతో ఒక లింకు పెడుతుంది, విండోస్‌లో అలాంటి పేరు చెల్లదు, డిస్కు తనిఖీ నడిస్తే గోల మొదలవుతుంది. అందుకని పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, ఆట ఫైళ్లను డిలోనే ఉంచి, కంపాట్‌డేటాను మాత్రం ఉబుంటు సొంత భాగానికి మార్చి, పాతచోట దాని లింకు పెట్టు. ఈ పని గడువు తీరకముందే చేసి పెట్టుకుంటే, మళ్లీ వెర్షన్లు మార్చే అవసరం రాకపోవచ్చు.

కోదాడ సభ్యుడు:
దేవరకొండ చెప్పింది ముందు చేయి. మిగతాది తర్వాత.

మిర్యాలగూడ సభ్యుడు:
ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లోనే ఉంది, తీసేశాను. ఈ ఉదయం విండోస్‌లో ఆట తెరుచుకుంది. కంపాట్‌డేటా మార్చడం, ఉబుంటులో తెరవడం సెమిస్టరు పరీక్షలు అయ్యాక చూస్తాను. అందరికీ థాంక్స్.

సూర్యాపేట సభ్యుడు:
తెరిచాక ఏ వెర్షనుతో నడిచిందో ఇక్కడ రాయి తమ్ముడూ, ఇదే ఆట కొన్నవాళ్లకు పనికొస్తుంది.