కమ్యూనిస్టు పాలనలో మతసంస్థల ఆస్తులు కాగితాల మీద ఎలా చేతులు మారాయి?

బ్రాడీపేట_పాఠకుడు అడిగారు:

గుంటూరులో మా పుస్తక చర్చా బృందం వచ్చే నెల రష్యా, తూర్పు ఐరోపా చరిత్ర మీద కూర్చుంటోంది. నాకు అప్పగించిన భాగం మతసంస్థల ఆస్తుల స్వాధీనం. దొరికిన వ్యాసాల్లో సగం గోపురాలు పేల్చేసిన ఫోటోలతో ఆగిపోతున్నాయి, మిగతా సగం "ప్రజల ఆస్తి ప్రజలకు చేరింది" అని ఒక్క మాటతో దాటేస్తున్నాయి. ఆ మధ్యలో జరిగిన పని నాకు కావాలి. హక్కు ఏ చట్టంతో పోయింది? భవనం ఎవరి చేతిలో ఉండేది? మరమ్మతులు, పన్నులు ఎవరి నెత్తిన పడ్డాయి? వెండి, గంటలు ఎటు పోయాయి? 1990 తర్వాత వెనక్కి ఇచ్చేటప్పుడు ఎవరి పేరున ఇచ్చారు?

ఇంకొకటి. మన దేవాదాయ శాఖ చేసేదీ ఇదే కదా అని బృందంలో ఇద్దరు గట్టిగా వాదిస్తున్నారు. కేరళలో 1957 కమ్యూనిస్టు ప్రభుత్వమే దేవస్వం (ఆలయ) భూములు లాగేసుకుందని కూడా అంటున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?

కృష్ణలంక_చరిత్ర రాశారు:

ఫోటోలు పక్కన పెట్టి చట్టం నుంచి మొదలుపెట్టడం సరైన పని. అసలు దెబ్బ డైనమైట్‌ది కాదు, 1918 శాసనంలోని రెండు నిబంధనలది.

ముందు భూమి సంగతి. 1917 నవంబరు 8న వచ్చిన భూమి శాసనం జమీందార్ల భూములతో పాటు మఠాల, చర్చిల భూములను కూడా పశువులు, పనిముట్లు, కట్టడాలతో సహా స్థానిక భూమి కమిటీలకు, రైతు సోవియట్లకు (ప్రతినిధుల మండళ్లకు) అప్పగించింది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. మఠాల భూములు ప్రభుత్వం తీసుకోవడం రష్యాలో అదే మొదలు కాదు. 1764లోనే రెండో కేథరిన్ మఠాల ఎస్టేట్లలో అధిక భాగం ఖజానాకు కలిపేసుకుంది. చర్చి బడులను 1917 జూన్‌లో, బోల్షివిక్కులకంటే ముందున్న తాత్కాలిక ప్రభుత్వమే విద్యాశాఖకు మళ్లించింది.

కొత్తగా వచ్చింది 1918 ఫిబ్రవరి శాసనం. చర్చిని రాజ్యం నుంచి, బడిని చర్చి నుంచి విడదీసిన శాసనం అదే. దాని 12వ నిబంధన ప్రకారం ఏ మతసంస్థకూ ఆస్తి కలిగి ఉండే హక్కు లేదు, చట్టం ముందు ఒక వ్యక్తిగా నిలబడే హక్కూ లేదు. 13వ నిబంధన ప్రకారం వాటి ఆస్తి అంతా ప్రజల ఆస్తి. పూజకు అవసరమైన భవనాలూ వస్తువులూ మాత్రం ఉచితంగా వాడుకోవడానికి ఇవ్వవచ్చు. ఈ రెంటిలో 12 ముఖ్యం. తన పేరున దావా వేసే హక్కే లేని సంస్థ 13 మీద ఏ కోర్టుకు వెళ్తుంది?

అమలు ఎలా చేయాలో అదే ఏడాది ఆగస్టులో న్యాయశాఖ సూచనలు ఇచ్చింది. చర్చి పేరున బ్యాంకుల్లో ఉన్న మూలధనం, అద్దె ఇళ్లు, కొవ్వొత్తుల కార్ఖానాలు వెంటనే పోయాయి. ఆలయ భవనం మాత్రం స్థానిక సోవియట్‌తో ఒప్పందం రాసుకున్న భక్తులకు దక్కేది. సంతకాలు ఇరవైకి తగ్గకూడదు. ఒప్పందంతో పాటు లోపలున్న ప్రతి వస్తువుకూ జాబితా. ఆ ఇరవైమందీ పూచీదారులు: మరమ్మతులు, భీమా, పన్నులు, కాపలా వాళ్ల ఖర్చు, జాబితాలోది పోతే వాళ్లదే బాధ్యత. హక్కు ప్రభుత్వానిది, భారం భక్తులది.

1929 ఏప్రిల్ 8 శాసనం దీన్ని ఇంకా బిగించింది. అది చర్చిలకే కాదు, మసీదులకు, యూదుల ప్రార్థనా మందిరాలకు కూడా వర్తించింది. సంఘం రిజిస్టరు కావాలి, పద్దెనిమిదేళ్లు నిండిన ఇరవైమంది ఉండాలి. సహాయ నిధి, గ్రంథాలయం, పిల్లల సమావేశాలు, వైద్య సహాయం అన్నీ నిషేధం. కార్యవర్గంలోంచి ఎవరినైనా తీసేసే అధికారం రిజిస్టరు చేసిన అధికారిదే. దీంతో మూసివేత సులువైపోయింది. ఇరవైమందిలో కొందరిని అరెస్టు చేస్తే సంఖ్య తగ్గి ఒప్పందం నిలవదు. భవనం ప్రమాదకరంగా ఉందని సాంకేతిక కమిటీ రాస్తే పెద్ద మరమ్మతు చేయించాలి. చేయించలేకపోతే ఒప్పందం రద్దు. భీమా వాయిదాలు కట్టేది భక్తులు, కానీ భవనం కాలిపోతే ఆ సొమ్ము తిరిగి ఆలయానికే వాడాలా, ఇంకో సాంస్కృతిక అవసరానికి మళ్లించాలా అన్నది అధికారుల ఇష్టం. ప్రజావసరానికి భవనం కావాలన్నా మూసేయవచ్చు. అప్పీలుకు గడువు రెండు వారాలు, అది కూడా కోర్టుకు కాదు, కేంద్ర కార్యనిర్వాహక కమిటీ అధ్యక్షవర్గానికే.

మూసేశాక సరుకు పంపకం కూడా అదే శాసనంలో ఉంది. బంగారం, వెండి, ప్లాటినం, రత్నాలు, జరీ బట్టలు ప్రభుత్వ నిధికి. చారిత్రక, కళా విలువ ఉన్నవి మ్యూజియాలకు. పూజకు తప్ప వేరే దేనికీ పనికిరాని విగ్రహపటాలు, అర్చక వస్త్రాలు ఇంకో ఆలయానికి తీసుకెళ్లేందుకు భక్తులకు. గంటలు, కుర్చీలు, తివాచీలు, దీపగుచ్ఛాలు మళ్లీ ప్రభుత్వానికే.

మాస్కోలో క్రీస్తు రక్షకుడి ఆలయాన్ని 1931 డిసెంబరు 5న పేల్చేశారు. అందరికీ తెలిసింది అదొక్కటే. కానీ ఎక్కువ ఆలయాలు ఇలా ఒప్పందం రద్దు కాగితంతోనే ధాన్యపు గిడ్డంగులు, క్లబ్బులు, మ్యూజియాలు అయ్యాయి. లెనిన్‌గ్రాడ్ కజాన్ ఆలయం 1932లో మత, నాస్తికత్వ చరిత్ర మ్యూజియమైంది. సొలొవెత్స్కీ మఠం 1923 నుంచి నిర్బంధ శిబిరం.

గవర్నర్‌పేట_నాణేలు రాశారు:

వెండి సంగతి నేను చెప్తాను. దీన్ని చాలామంది 1918తో కలిపేస్తారు, అది తప్పు. 1921-22 వోల్గా కరువు సమయంలో, 1922 ఫిబ్రవరిలో వేరే శాసనం వచ్చింది: పూజకు భంగం కలగని విలువైన వస్తువులన్నీ నెలలోపు తీసుకుని కరువు సహాయానికి వాడాలని. అధికారులు చేతిలో పట్టుకొచ్చింది భక్తులు సంతకం పెట్టిన ఆ వస్తువుల జాబితానే. తమ ఆలయం నిలుపుకోవడానికి రాసిచ్చిన కాగితమే తనిఖీ పట్టీ అయింది.

రష్యన్ ఆర్థొడాక్స్ చర్చి అధిపతి పాట్రియార్క్ తీఖోన్ ఇవ్వనని మొండికేశాడని రాస్తుంటారు. కరువుకు సాయం చేయమని, పూజలో వాడని వస్తువులు ఇవ్వవచ్చని ఆయన ఫిబ్రవరిలో ముందే అనుమతించాడు. శాసనం ప్రతిష్ఠ చేసిన పాత్రల దాకా వచ్చాకే వ్యతిరేకించాడు. మార్చి 15న షూయా పట్టణంలో జనం మీద కాల్పులు జరిగాయి. నాలుగు రోజుల తర్వాత లెనిన్ రహస్య లేఖ రాశాడు: కరువు వల్ల ఇప్పుడైతేనే ఈ పని సాధ్యమని, వందల కోట్ల రూబుళ్ల నిధి చేతికందవచ్చని దాని సారాంశం. పెట్రోగ్రాడ్ మెట్రోపాలిటన్ (అక్కడి ప్రధాన బిషప్) వెనియమీన్ స్థానిక అధికారులతో సామరస్యంగా ఒప్పందానికి వచ్చినా ఆగస్టులో కాల్చి చంపారు.

వచ్చిందెంత? అధికారిక లెక్కే సుమారు 33 పూడ్ల బంగారం, 24 వేల పూడ్ల వెండి. పూడు అంటే 16.38 కిలోలు. అంటే బంగారం 540 కిలోలు, వెండి 390 టన్నుల పైన. విలువ కట్టింది సుమారు 46.5 లక్షల బంగారు రూబుళ్లు. అనుకున్నదాంట్లో ఇది పిసరంత. కారణం సులభం: రష్యన్ ఆలయ పాత్రలు, పటాల తొడుగులు ఎక్కువగా బంగారు పూత వేసిన వెండి. కరిగిస్తే దక్కేది వెండి తూకపు ధరే, పనితనం విలువ కరగగానే పోతుంది. రెండు మూడు వందల ఏళ్ల నాటి పని దిమ్మలుగా మారిందంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోదు.

గంటల వంతు 1929-30లో వచ్చింది. పారిశ్రామికీకరణకు కంచు కావాలి. త్రోయిత్స్కీ సెర్గీ మఠంలో 64 టన్నుల గంటను 1930 జనవరిలో గోపురం మీంచి తోసి పగలగొట్టారు. మాస్కో దనీలోవ్ మఠం 18 గంటలను మాత్రం ఒక అమెరికన్ కొని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు కాబట్టి బతికాయి. 2008లో తిరిగి మాస్కో చేరాయి.

బ్రాడీపేట_పాఠకుడు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఇదంతా రష్యా. మిగతా దేశాల్లోనూ ఇదే పద్ధతా? తిరిగి ఇవ్వడం గురించి కూడా ఎవరైనా చెప్పండి.

పటమట_ఐరోపా రాశారు:

ఒకే పద్ధతి కాదు. తూర్పు జర్మనీలో 1945 భూసంస్కరణ చర్చి భూములను ముట్టుకోలేదు. పోలండ్‌లో 1950 మార్చి 20 చట్టం చర్చి ఎస్టేట్లు తీసుకుంది కానీ ఫాదరీకి 50 హెక్టార్ల వరకు, పశ్చిమాన కొన్ని జిల్లాల్లో 100 వరకు వదిలింది. తీసుకున్న భూమికి బదులు చర్చి నిధి పెట్టింది. చెకొస్లొవేకియా 1949లో అర్చకుల జీతాలు తనే ఇస్తూ, ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ పూజ చేయకూడదంది; 1950 ఏప్రిల్‌లో ఒక్క రాత్రిలో మఠాల మీద పడి సన్యాసులను తరలించింది. చైనాలో 1950 భూసంస్కరణ చట్టం 3వ నిబంధన పల్లెల్లోని ఆలయాల, మఠాల, చర్చిల భూములు తీసుకుంది. అయితే వేరే బతుకుతెరువు లేక సాగు చేస్తానన్న సన్యాసికి రైతుతో సమానంగా వాటా ఇమ్మంది. అల్బేనియాదే చివరి అంచు: 1967లో 2,169 ప్రార్థనా స్థలాలు మూసి, ఆ నవంబరులో 4337వ డిక్రీతో మతసంఘాల చట్టబద్ధ ఉనికినే తుడిచేసింది. చూశారా, మళ్లీ 1918 నాటి 12వ నిబంధన దారే.

సోవియట్ మధ్య ఆసియాలో వక్ఫ్ కథ గుంటూరు పాఠకులకు ప్రత్యేకంగా పనికొస్తుంది. తీసుకున్న వక్ఫ్ భూములను 1922లో తుర్కెస్తాన్‌లో మసీదులకు, మదరసాలకు తిరిగిచ్చారు. స్థానిక మద్దతు అవసరం తీరాక, 1920ల చివరికల్లా పూర్తిగా తీసేశారు.

తిరిగి ఇవ్వడంలో చిక్కు ఎక్కడంటే, తీసుకున్నది ఒకరి దగ్గర, ఇప్పుడు అనుభవిస్తున్నది మూడోవారు. రొమేనియాలో ఇది నగ్నంగా కనబడుతుంది. 1948 డిసెంబరు 1న 358వ డిక్రీ గ్రీకు కాథలిక్ చర్చినే (తూర్పు ఆచారాలు పాటిస్తూ పోప్‌ను అంగీకరించే చర్చి) రద్దు చేసి ఆలయాలను ఆర్థొడాక్స్ చర్చికి మళ్లించింది. 1989 డిసెంబరు చివరి రోజున ఆ డిక్రీ పోయింది, చర్చి మళ్లీ బతికింది. ఆలయాలు? 1990 చట్టం వాటిని ఇరుపక్షాల కమిటీకి వదిలి, ఇప్పుడు ఆ ఆలయం చేతిలో ఉన్న సమాజం ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోమంది. నలభై ఏళ్లు చెదరగొట్టాక తలలు లెక్కపెడితే ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

చెక్‌లు నెమ్మదిగా వెళ్లారు, కానీ ఒక మంచి పని చేశారు. 1991 భూచట్టం 29వ సెక్షన్‌తో, వెనక్కిచ్చే చట్టం వచ్చేదాకా పాత చర్చి ఆస్తిని ఎవరికీ బదిలీ చేయకుండా ఆపేశారు. మన రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలాంటిదే. ఆ చట్టం 2012లో, 428వ నంబరుతో వచ్చింది: ఉన్నది ఆస్తిగా, ఇవ్వలేనిదానికి 59 వందల కోట్ల కొరూనాలు, అంటే 5,900 కోట్లు, 30 ఏళ్ల వాయిదాల్లో. అర్చకుల జీతాల సాయం 17 ఏళ్లలో తగ్గుతూ ఆగిపోతుంది. పోలండ్ 1989లో ఆస్తి కమిషన్ పెట్టింది కానీ దాని నిర్ణయం మీద అప్పీలు లేదు. భూముల విలువ కట్టడం మీద వివాదాలు ముదిరి 2011లో కమిషన్ ముగిసింది.

రష్యా చట్టం 2010 నవంబరు 30ది, నంబరు 327. సంస్థ దరఖాస్తు చేస్తే సొంతానికో, ఉచిత వాడకానికో ఇస్తారు. లోపల మ్యూజియమో, ఆసుపత్రో ఉంటే దానికి ముందు వేరే చోటు చూపాలి. మ్యూజియం, ఆర్కైవు, గ్రంథాలయ నిధుల్లో చేరిన వస్తువులకు ఈ చట్టం వర్తించదు. అందుకే గోడలు తిరిగొచ్చినా, మ్యూజియాల్లోని పటాలు ఈ చట్టం కింద రావు.

మంగళగిరి_మాన్యాలు రాశారు:

దేవాదాయ శాఖ పోలికకు నా సమాధానం: పైపైన ఒకేలా అనిపిస్తుంది, హక్కు దగ్గర తేడా ఉంది. మన చట్టంలో దేవుడు ఆస్తి కలిగి ఉండగల వ్యక్తి. 1987 నాటి 30వ చట్టం కింద ఈవోను వేసినా, పాలన శాఖ చేతికి వచ్చినా, భూమి దేవుడి పేరునే ఉంటుంది. 43వ సెక్షన్ రిజిస్టరులో ఆ ఆస్తులు రాయాలి. 80వ సెక్షన్ ప్రకారం కమిషనర్ ముందస్తు అనుమతి లేని అమ్మకం చెల్లదు. 1956 ఈనాం రద్దు చట్టం కింద రైత్వారీ గ్రామంలో దేవాలయ ఈనాంకు పట్టా వచ్చింది సంస్థ పేరునే. శాఖ జోక్యం ఎక్కువైందనే వాదనకు బలం ఉంది, నేనూ అంటాను. కానీ దేవుడి తరఫున న్యాయస్థానానికి వెళ్లే దారి తెరిచే ఉంది. 1918 మూసింది సరిగ్గా ఆ దారినే. బృందంలో వాదన తేలాలంటే ఆస్తి ఎవరి పేరున ఉంది, ఎవరు దావా వేయగలరు అనే రెండు ప్రశ్నలు వేయండి.

కేరళ మాట తప్పు. తిరువాన్కూరు దేవస్వం ఆస్తులు సర్కారులోకి వెళ్లింది 1811 ప్రాంతంలో, కల్నల్ మన్రో హయాంలో. దేవస్వం బోర్డులు 1950 చట్టంతో వచ్చాయి. కమ్యూనిస్టుల పాత్ర భూసంస్కరణలది: 1970 జనవరి 1 నుంచి కౌలు పద్ధతి రద్దయి సాగుదారుకు భూమి దక్కింది, ఆలయ కౌలు భూములు కూడా అందులో పోయాయి. మతసంస్థలకు బదులుగా ఏటా చెల్లింపు తీసుకునే వీలిచ్చారు.

బ్రాడీపేట_పాఠకుడు:

చాలా స్పష్టంగా ఉందండి. ఒక్క ఆలయాన్ని ఉదాహరణగా తీసుకుని చెప్పాలంటే ఫైలు ఎక్కడ వెతకాలి?

కృష్ణలంక_చరిత్ర రాశారు:

మాస్కోలోని రష్యా సమాఖ్య ప్రభుత్వ ఆర్కైవులో ఆర్-5263 విభాగం చూడండి, 1929-38 నాటి మత వ్యవహారాల కమిషన్ కాగితాలు, అంటే మూసివేతల మీద అప్పీళ్లు అందులోనే. యుద్ధం తర్వాతి వాటికి ఆర్-6991. ఒప్పందం, ఇరవైమంది పట్టీ, వస్తువుల జాబితా సాధారణంగా ఆ ప్రాంతపు ఆర్కైవులో సోవియట్ కార్యనిర్వాహక కమిటీ పత్రాల కింద ఉంటాయి. ఊరి పేర్లు, జిల్లాలు 1920ల్లో మారాయి కాబట్టి పాత పేరుతోనూ కొత్త పేరుతోనూ వెతకాలి. ఆలయం పేరు ఒక్కటే చాలదు, ఒకే పేరుతో వందల ఆలయాలు ఉంటాయి.