ఉయుని ఉప్పు మైదానానికి ఒక్కరోజు ప్రయాణం: అమ్మను తీసుకువెళ్లవచ్చా?

ప్రశ్న (తిరుపతి):
నమస్కారం. వచ్చే ఫిబ్రవరిలో అమ్మతో కలిసి దక్షిణ అమెరికా ప్రయాణం పెట్టుకున్నాను. బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానంలో వాన నీరు పలుచగా నిలిచి, ఆకాశం నేల మీద పరుచుకున్నట్లు కనిపించే దృశ్యాన్ని టీవీలో చూసినప్పటి నుంచి ఆమెది అదే మాట. బొలీవియాకు మూడు రోజులే మిగులుతున్నాయి కనుక, రాత్రికి లా పాజ్ చేరి, మరునాడు పొద్దున్నే ఉయునికి వెళ్లి, ఆ రోజే మైదానం చూడాలని అనుకుంటున్నాను. అమ్మకు 63 ఏళ్లు. బీపీ మాత్ర వేసుకుంటుంది. అయినా ఏటా అలిపిరి మెట్ల దారిలో నడిచి కొండ ఎక్కుతుంది కాబట్టి ఎత్తు గురించి నాకు దిగులు లేదు. ఈ ఏర్పాటు సరిపోతుందా?

జవాబు (చిత్తూరు):
ఆ మొదటి రాత్రిని దయచేసి మార్చుకోండి. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. లా పాజ్ విమానాశ్రయం ఉన్న ఎల్ ఆల్టో 4,000 మీటర్లకు పైన ఉంది, ఉయుని మైదానం దాదాపు 3,650 మీటర్లు. ఆ మైదానంలో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే కనుక, ప్రతి శ్వాసకూ అందే ప్రాణవాయువు కూడా అంతే తగ్గుతుంది. మెట్లు ఎక్కే ఓపిక దీనికి అడ్డుపడదు. నాతో వచ్చిన మా తమ్ముడు రోజూ పరుగెత్తే మనిషి. లా పాజ్‌లో దిగిన రాత్రి తలనొప్పితో నిద్రే పోలేదు, పొద్దున బూట్ల తాళ్లు కట్టుకోవడానికి వంగి లేచేసరికి ఆయాసపడి మంచం మీద కూర్చుండిపోయాడు. వ్యాయామం అలవాటు లేని నాకు తలనొప్పి కూడా రాలేదు. ఎవరి ఒంటికి పడుతుందో, ఎవరికి పడదో అక్కడికి వెళ్లేదాకా తెలియదు.

వీలైతే పల్లంలో ఉన్న శాంతా క్రూజ్‌లో దిగి, దాదాపు 2,800 మీటర్ల ఎత్తున్న సుక్రేలో రెండు రాత్రులు నిద్ర చేసి, ఆ తర్వాత ఉయునికి వెళ్లండి. ఎత్తు పడక వచ్చే జబ్బును ఆపడానికి వాడే డయామాక్స్ మాత్ర అవసరమా, అమ్మగారి బీపీ మందులతో కలుస్తుందా అన్నది ముందే వైద్యుణ్ణి అడగండి. సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి తప్పక చెప్పండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడకలో తూలినా, తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే పల్లానికి దిగాలి.

జవాబు (పలమనేరు):
ఎత్తు గురించి పై జవాబు చాలు, నేను ఫిబ్రవరి గురించి చెబుతాను. అమ్మగారు కోరిన, ఆకాశం నీళ్లలో అద్దంలా కనిపించే దృశ్యం జనవరి నుంచి మార్చి వరకే సరిగా దొరుకుతుంది. అయితే నీరు ఎక్కువైతే, మైదానం నడుమ నిలువెత్తు కాక్టస్ చెట్లుండే ఇంకావాసి దిబ్బకు బండ్లు పోవు. అది ముఖ్యమనుకునేవారు మే తర్వాత వెళ్లాలి. అప్పుడు ఉప్పు ఎండి, ఆరు పలకల మడులకు గట్లు వేసినట్లు కనుచూపు మేర ఉబ్బి ఉంటుంది. నాకైతే ఆ ఎండు ఉప్పే ఎక్కువ నచ్చింది.

నీళ్లలో నడవడానికి రబ్బరు బూట్లు అడగండి. నా ప్యాంటు అంచులకు తగిలిన నీరు ఆరేసరికి గంజి పెట్టినట్లు బిర్రుగా నిలబడింది. తెల్లటి ఉప్పు మీద పడిన ఎండ కింది నుంచి కూడా కొడుతుంది కనుక గడ్డం కింద, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాలి, నల్ల కళ్లద్దాలు లేకుండా దిగకూడదు. మధ్యాహ్న భోజనంలో లామా మాంసం పెడతారు, శాకాహారం కావాలంటే ముందురోజే చెప్పండి.

ఒక సంగతి మరవకండి. బొలీవియా నుంచి ఆరు రోజుల లోపల మన దేశంలో దిగేవారు ఎల్లో ఫీవర్ టీకా పత్రం చూపాలి, టీకా వేసుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు. 60 దాటినవారికి ఈ టీకా వేసేముందు వైద్యులు మరింత జాగ్రత్తగా పరీక్షిస్తారు కాబట్టి ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పెరూలో అనుకున్న మూడు రోజులు మానుకుని వాటిని సుక్రేకు ఇస్తున్నాం. ఇంకావాసి దొరకకపోయినా ఫరవాలేదని, అద్దం చూస్తే చాలని అమ్మ అంటోంది. టీకా గురించీ మాత్ర గురించీ అడగడానికి సోమవారం ఆమెను వైద్యుని దగ్గరకు తీసుకువెళ్తున్నాను.