క్యామ్‌కార్డర్ వీడియో క్వాలిటీ పోకుండా ఇంట్లో అందరికీ పంపడం ఎలా?

అందరికీ నమస్కారం. మా నాన్నమ్మ తన చిన్ననాటి సంగతులు చెబుతుంటే క్యామ్‌కార్డర్‌లో తీశాను. గంటా పది నిమిషాలు, ఏవీసీహెచ్‌డీ (క్యామ్‌కార్డర్లు వాడే వీడియో ఫార్మాట్), 1080ఐ, బిట్‌రేట్ (సెకనుకు పట్టే డేటా) 17 ఎంబీపీఎస్. మొత్తం సుమారు 9 జీబీ.

మెమరీ కార్డు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి కెమెరా దాన్ని మూడు ఎంటీఎస్ ఫైళ్లుగా విడగొట్టింది. వాటిని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలిపితే అతుకు దగ్గర అర సెకను మాట ఎగిరిపోతోంది. సరిగ్గా నాన్నమ్మ వాళ్లమ్మ పేరు చెప్పే చోట! అది పోతే నాకు మనసొప్పదు. కెమెరాలో చూస్తే మాత్రం మాట చక్కగా వినిపిస్తోంది. విడి ఫైళ్లు కాకుండా కార్డులోని ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని ఉండాల్సిందా? మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా (వీడియోను కొత్తగా కుదించకుండా) కలిపే దారి ఉందా?

ఇంకోటి. ఎంపీ4గా మారిస్తే, ఆవిడ చెయ్యి కదిపినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు వస్తున్నాయి. ఇంటర్‌లేస్ (ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా రెండు సగాల్లో తీయడం) వల్లేనని తెలిసింది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ పెట్టాక గీతలు పోయాయి కానీ కదలిక కుదుపుగా ఉంది. సెకనుకు 25 ఫ్రేములు కాకుండా 50 వచ్చేలా 'బాబ్' (ఆ రెండు సగాలనూ విడివిడి ఫ్రేములుగా మార్చే పద్ధతి) పెడితే మేలా?

చాట్ యాప్‌లో పంపితే ముఖమే మసకబారిపోయింది. చూసేవాళ్లలో చాలామంది పెద్దవాళ్లు, ఫోన్ తప్ప వేరేది వాడరు. వాళ్లకు సులువుగా తెరుచుకునేలా ఎంత బిట్‌రేట్ పెట్టి, ఎలా పంపమంటారు? కార్డు ఇంకా చెరపలేదు, మీరు చెప్పేదాకా చెరపను.